చీటీకీ ఛాతీకీ మధ్య

"గట్టిగా ఊదమ్మా! ఇంకా, ఇంకా, ఇంకా... ఆపొద్దు, ఆపొద్దు!"

మా టెక్నీషియన్ కేకలు స్పైరోమెట్రీ గది దాటి ఓపీ వరండా దాకా వినిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు లోపల ఎవరో పోట్లాడుకుంటున్నారనుకుని తొంగి చూస్తారు. ఆ రోజు ఆ కేకల మధ్యలోంచి ఒక పెద్దావిడ గొంతు తాపీగా లేచింది. "ఊదటం నాకు నేర్పుతన్నావా నాయనా? నలభై అయిదేళ్లు పొయ్యి ఊదినదాన్ని."

రాస్తున్న కేసు షీటు పక్కన పెట్టి ఆ గదిలోకి వెళ్లాను. పల్నాడులో ఒక మెట్ట ఊరి మనిషి. అరవై దాటాయి. బీడీ, చుట్ట ఎరగదు. అయిదేళ్లుగా దగ్గు, రెండేళ్లుగా ఆయాసం. బిందె చంకనెత్తుకుని నాలుగడుగులు వేస్తే రొప్పు. యంత్రం గీసిన గీత చూశాను. ఆమె ఛాతీలోంచి మొత్తం వచ్చిన గాలి 1.8 లీటర్లు, అందులో మొదటి సెకనులో వచ్చింది 0.8 లీటరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మొదటి సెకనులోనే ముప్పాతిక వంతు గాలి వదిలేస్తారు. అది పదింట ఏడు వంతులకన్నా తగ్గిందంటే గాలిగొట్టాలు ఇరుకైనట్టు లెక్క. ఈవిడకి సగం కూడా రాలేదు. గాలిగొట్టాలు తెరిచే మందు నాలుగుసార్లు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించాం. ఉబ్బసమైతే సాధారణంగా ఆ మందుకి గీత బాగా పైకి లేస్తుంది. ఇది ఉన్నచోటే ఉంది. సీఓపీడీ. పుస్తకాల్లో పొగ తాగేవాళ్ల జబ్బుగా చదువుకున్న జబ్బు.

పొగ తాగలేదని మాత్రం ఎలా అనగలం? ఊదుగొట్టంతో పొయ్యి ఊదాలంటే ముందు గుండెనిండా గాలి తీసుకోవాలి. పొయ్యికి మూరెడు దూరంలో కూచుని తీసుకునే గాలిలో ఏముంటుంది? తడి కంపల పొగ, పిడకల పొగ, పత్తికట్టె పొగ. పూటకు యాభైసార్లు ఊదితే యాభై గుక్కల పొగ. ఆమె పెళ్లయిన నాటి నుంచి ఆ లెక్క వేసుకోవచ్చు.

నేను ఊపిరితిత్తుల వైద్యురాలిని. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే పని చేస్తున్నాను. పీజీ విశాఖలో చదివాను. అక్కడ వార్డులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే ఆడవాళ్లని చూశాకగానీ అడ్డపొగ అంటే ఏమిటో నాకు తెలియలేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు. అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి మాకు పాఠం చెప్పేటప్పుడు ఆ అలవాటు ప్రస్తావన తప్పకుండా వచ్చేది. కానీ కేసు షీటు మీద అచ్చువేసిన గడిలో "పొగ తాగు అలవాటు: ఉంది, లేదు" అని రెండే మాటలుండేవి. ఆ గడి నింపేసి ముందుకెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు ఆ గడి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఏ పొయ్యి మీద వండారు? వంటిల్లు వేరేనా, పడుకునేది కూడా అక్కడేనా? పొగాకు బ్యారన్‌లో చేశారా? జిన్నింగు మిల్లులోనా? మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లారా? పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లోనా? గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో మనిషి ఊపిరి కథంతా ఈ ప్రశ్నల్లో దొరుకుతుంది.

గ్యాస్ వచ్చాక పొయ్యిల గొడవ తీరిపోయిందనుకుంటారు పట్నంలో ఉండేవాళ్లు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది. ఇళ్లలోకి సిలిండర్లు వచ్చిన మాట నిజం. ఆ పెద్దావిడ ఇంట్లోనూ ఉంది. "ఉందమ్మా, కాఫీకీ, చుట్టాలొస్తేనూ వాడతాం" అంది. అన్నం, పప్పు, నీళ్లు కాగబెట్టడం, గేదెకి కుడితి, అన్నీ కట్టెల మీదే. సిలిండరుకి డబ్బు ఒక్కసారిగా కట్టాలి. కంప చేలో ఊరికే వస్తుంది. నేను ఎంత ఖరీదైన మందు రాసినా, ఆ మందు తెరిచిన గాలిగొట్టంలోకి మర్నాడు తెల్లవారుజామునే పొగ దూరుతుంది.

నాకీ వృత్తిలో అసలు పాఠం చెప్పింది మాత్రం వేరే మనిషి. ఆయన విషయంలో జరిగిన తప్పు నాది.

ప్రకాశం జిల్లావాడు. యాభై ఎనిమిదేళ్లు. పొగాకు బ్యారన్లలో ముప్ఫయ్యేళ్లు పని చేశాడు, చుట్ట కూడా తాగేవాడు. పరీక్షలన్నీ చేసి పొడిమందు గుళికలు రాశాను. గుళికని చిన్న ప్లాస్టిక్ పరికరంలో పెట్టి తిప్పితే అది విచ్చుకుంటుంది, నోటితో గట్టిగా లాగితే పొడి లోపలికి పోతుంది. అప్పట్లో మా ఓపీలో ఒక్క పూటకి నూట ఇరవై మంది. ఎలా వాడాలో రెండు ముక్కల్లో చెప్పి పంపించాను. నెల తర్వాత వచ్చాడు. తగ్గలేదన్నాడు. "మందు వాడుతున్నారా?" అని అడిగాను. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఒక్క పూట తప్పలేదమ్మా." మోతాదు పెంచాను. మళ్లీ తగ్గలేదు. మాత్రలు చేర్చాను. ఈలోగా రెండుసార్లు ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరాడు. ఆ ఖర్చుకి పాలిచ్చే గేదెని అమ్మేశాడు. మూడోసారి కేసు షీటు మీద నా చేత్తో రాశాను: చికిత్సకు స్పందన లేదు.

నాలుగోసారి వచ్చినప్పుడు వరండాలో కూచుని మా సిస్టర్‌ని మంచినీళ్లు అడిగాడు, మందు వేళయిందని. ఆమె నీళ్లిచ్చి, ఆయన చేసిన పని చూసి, పరుగున నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, ఆయన గుళిక మింగేస్తున్నారు."

అయిదు నెలలు. రోజుకి రెండు గుళికల చొప్పున ఆ మనిషి కడుపులోకి పంపించాడు. ఒక్క రేణువు కూడా ఊపిరితిత్తుల్లోకి చేరలేదు. నేను అడిగిన ప్రశ్నకి ఆయన అబద్ధం చెప్పలేదు, వాడుతున్నానన్నాడు, వాడాడు. ఎలా వాడుతున్నారో ఏదీ చూపించండి అని నేను ఒక్కసారీ అడగలేదు. గుళిక అన్నాక మింగేదే కదా? పుట్టి బుద్ధెరిగాక ఆయన చూసిన గుళికలన్నీ మింగేవే. "స్పందన లేదు" అన్న మాట రాయాల్సింది నా పేరు పక్కన.

ఆ రోజు నుంచి మా ఓపీలో ఒక నియమం. చీటీ తిరగరాసే ముందు ప్రతి ఒక్కరూ పరికరం తెచ్చి నా ఎదురుగానో, సిస్టర్ ఎదురుగానో పీల్చి చూపించాలి. ఇరవయ్యేళ్లుగా వాడుతున్న కాలేజీ లెక్చరరైనా సరే. చూడటం మొదలుపెట్టాక తెలిసింది, సరిగ్గా పీల్చేవాళ్లు ఎంత తక్కువమందో. పంపు, అంటే నొక్కి పీల్చే ఇన్‌హేలర్, మూత తియ్యకుండా నొక్కేవాళ్లు. పంపు నొక్కేశాక తాపీగా గాలి తీసుకునేవాళ్లు. పెర్ఫ్యూమ్ కొట్టుకున్నట్టు నోటి ముందు గాలిలోకి కొట్టేవాళ్లు. ఇంకో తిరకాసు ఉంది: పంపు మందుని నెమ్మదిగా, లోతుగా పీల్చాలి, పొడిమందుని ఒక్క ఊపున గట్టిగా లాగాలి. ఒకటి నేర్చుకున్నవాళ్లకి రెండోది రాసిచ్చి తేడా చెప్పకపోతే రెండూ చెడతాయి. రెండింటికీ చివర ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టాలి. అంతా సరిగ్గా చేసినా పాతరకం పంపు మందులో అయిదో వంతు లోపలికి చేరితే గొప్ప. మిగతాది గొంతుకి అంటుకుంటుంది. అందుకే పీల్చాక పుక్కిలించమంటాం. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. "నోరు పూసింది, మందు పడలేదు" అని మానేస్తారు.

పంపుకి ముందు స్పేసర్ అనే డబ్బా తగిలిస్తే పని సులువవుతుంది. మందు డబ్బాలో నిలుస్తుంది, మనిషి తన ఊపిరి ప్రకారం పీల్చుకోవచ్చు. డబ్బా కొనలేనివాళ్లకి అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి పట్టేంత రంధ్రం చేసి ఇస్తున్నాం. ఇది మా సొంత తెలివి కాదు. దక్షిణాఫ్రికాలో పిల్లల డాక్టర్లు ఉబ్బసం పిల్లల్లో పరీక్షించి, అది కొన్న డబ్బాకి తీసిపోదని 1999లో చూపించారు. సూదిని కాల్చి రంధ్రం చేయడంలో మా సిస్టర్‌కి చేయి తిరిగింది. ఇప్పుడు సీసాలు పేషెంట్లే తెచ్చి ఇస్తున్నారు, వెనకొచ్చేవాళ్లకి పనికొస్తాయని.

పొడిమందు మింగినాయన ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. మళ్లీ ఒక్కసారే ఆసుపత్రిలో చేరాడు. "ఇంతకాలం తాగి ఇప్పుడు చుట్ట మానేస్తే లాభమేంటమ్మా" అని వాదించేవాడు. లండన్‌లో పనిచేసే మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 1977లో ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు గీసిన పటం ఒకటుంది. ఊపిరి బలం వయసుతోపాటు అందరికీ తగ్గుతుంది, పొగ పడనివాళ్లకి ఏటవాలుగా, పొగ పడి దెబ్బతిన్నవాళ్లకి నిట్టనిలువుగా. మానేస్తే పోయింది తిరిగి రాదు, కానీ ఆ రోజు నుంచి మళ్లీ ఏటవాలే. ఆ పటాన్ని ఆయన చీటీ వెనక గీసి చూపించాను. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చుట్ట మానడానికి మరో ఏడాది పట్టింది.

ఈ మధ్యకాలంలో నన్ను బాగా ఆలోచింపజేసిన లెక్క ఒకటి చెబుతాను. టార్చ్ అనే పెద్ద అధ్యయనం, 2007లో ఫలితాలొచ్చాయి. ఆరువేలమందికి పైగా సీఓపీడీ రోగుల్ని మూడేళ్లు గమనించారు. తర్వాత అదే సమాచారాన్ని ఇంకో రకంగా చూశారు: మందు క్రమం తప్పకుండా పీల్చినవాళ్లెందరు, తప్పినవాళ్లెందరు? క్రమంగా వాడినవాళ్లలో మూడేళ్లలో చనిపోయింది నూటికి 11 మంది. వాడనివాళ్లలో 26 మంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. అంటే తేడా చేసింది మందు ఒక్కటే కాదు. రోజూ రెండు పూటలా మందు గుర్తుపెట్టుకుని తీసుకోగలిగిన మనిషి జీవితంలో ఇంకేదో సక్రమంగా ఉందన్నమాట. వేళకి అన్నం ఉందేమో. గుర్తుచేసే మనిషి ఉందేమో. రేపటి మీద ఆశ ఉందేమో. ఇది నా ఊహ, అధ్యయనంలో రాసింది కాదు. కానీ మా వార్డులో నేను చూసినదానికి ఇది సరిపోతుంది. భార్య పోయిన ఏడాదిలోపు తిరగబెట్టిన మగవాళ్లని ఎంతమందినో చూశాను. అదే మందు, అదే మోతాదు. "వేసుకోవయ్యా" అనే గొంతు మాత్రం ఇంట్లో లేదు.

గొంతులు ఇంకోలా కూడా పని చేస్తాయి. ఒక అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. నా దగ్గరే చూపించుకునేది. పంపు చక్కగా వాడుతూ డిగ్రీ పూర్తి చేసింది. పెళ్లి కుదిరింది. "అత్తగారింట్లో పంపు బయటికి తీయకే" అని తల్లి చెప్పి పంపింది. జబ్బు దాచి పెళ్లి చేశారంటారని భయం. ఆ పిల్ల మూడు నెలలు స్నానాలగదిలో తలుపేసుకుని పీల్చింది. నాలుగో నెల పంపు అయిపోతే కొనిపెట్టమని భర్తని అడగలేకపోయింది. సంక్రాంతికి కొత్త అల్లుడితో పుట్టింటికి వచ్చి, భోగిమంట దగ్గర నిలబడింది. పొద్దున ఆరింటికి మా క్యాజువాలిటీకి తెచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి, ఛాతీలో పిల్లికూత కూడా వినిపించడం లేదు. కూత వినిపించనంత గాలి తక్కువైందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. బతికింది. మూడోరోజు నేను ఆ భర్తని పిలిచి కూచోబెట్టి, పంపు అతని చేతికిచ్చి, ఎలా వాడాలో అతనికి నేర్పాను. "ఇంతేనా మేడమ్, దీనికి దాచటమెందుకు?" అన్నాడు. ఆ పిల్ల మొహం తిప్పుకుని ఏడ్చింది.

పంపు అంటే మనవాళ్లకి ఆఖరి అస్త్రం. అలవాటైపోతుందంటారు, ఇంకే మందూ పని చేయదంటారు. అందుకని మాత్రల దగ్గరికి, ఇంజెక్షన్ల దగ్గరికి వెళతారు. పంపులో ఒక్క పీల్పుకి వచ్చే స్టెరాయిడ్ వంద, రెండొందల మైక్రోగ్రాములు. ప్రెడ్నిసోలోన్ చిన్న మాత్రలో ఉండేది 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. అదీ ఊపిరితిత్తులకి మాత్రమే కాదు, ఒళ్లంతా పాకుతుంది. మాత్ర వేసుకున్నరోజు ఆయాసం పోతుంది, ఆకలి పుడుతుంది, మొహం నిండుగా అవుతుంది. ఒళ్లు చేసిందని మురిసిపోతారు. ఏడాది గడిచేసరికి షుగరు, ఎముకల బోలుతనం, చర్మం కాగితంలా పలచబడటం. ఊళ్లలో ఆర్ఎంపీల మీద కోపం తెచ్చుకోవడం సులువు. నాకూ ఒకప్పుడు వచ్చేది. కానీ రాత్రి రెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది అతనే, నేను కాదు. ఇప్పుడు అలాంటివాళ్లలో కొందరితో ఫోన్లో మాట్లాడుతుంటాను. మాత్రలు అయిదు రోజులు దాటనివ్వొద్దు, ఆ తర్వాత నా దగ్గరికి పంపించు అని. పంపిస్తున్నారు.

ఏటా మృగశిర కార్తెకి హైదరాబాదులో చేపమందుకి వెళ్తామని అడిగేవాళ్లుంటారు. వెళ్లొద్దని నేను వాదించను. చేపతో పాటు పంపు కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి, క్యూలో దుమ్ముంటుంది, మాస్కు కట్టుకోండి, వచ్చాక ఒక్క పూట కూడా పంపు మానకండి అంటాను. మానమంటే నా దగ్గరికి రావడం మానేస్తారు.

సంచి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసి తేవాలి. కంటి చుక్కలతో సహా. ఒకాయనకి ఉబ్బసం చక్కగా అదుపులో ఉండేది, ఉన్నట్టుండి తిరగబెట్టింది. దుమ్ము లేదు, జలుబు లేదు, పంపు సరిగ్గానే పీలుస్తున్నాడు. సంచి కుమ్మరిస్తే అడుగున చిన్న సీసా: కంట్లో ఒత్తిడి తగ్గించే టిమొలాల్ చుక్కలు. కంట్లో వేసిన చుక్క ముక్కులోంచి రక్తంలోకి చేరి గాలిగొట్టాల్ని బిగిస్తుంది. కంటి డాక్టరుగారికి ఉబ్బసం సంగతి ఈయన చెప్పలేదు, కళ్లకీ ఊపిరికీ సంబంధమేముందని. చుక్కలు మార్పించాక వారంలో తేరుకున్నాడు.

ఆక్సిజన్ విషయం ఇంకా బరువైంది. రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ 88 శాతమో అంతకన్నా తక్కువో ఉండే సీఓపీడీ రోగులకి ఇంట్లో రోజుకి కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981ల్లో అమెరికాలో ఒకటి, బ్రిటన్‌లో ఒకటి, రెండు అధ్యయనాలు తేల్చాయి. ఈ జబ్బులో ఆయుష్షు పెంచుతాయని గట్టిగా చెప్పగలిగినవి కొద్దే. పొగ మానడం ఒకటి, ఇది ఒకటి. గంటో రెండు గంటలో పెట్టుకుంటే చాలదు. 15 గంటలు అని చీటీ మీద రాయడానికి ఒక్క క్షణం పడుతుంది.

నరసరావుపేటలో ఒక రిటైర్డ్ మాస్టారు. కొడుకు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్. కాన్సంట్రేటర్ యంత్రం కొనిచ్చాడు, వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్ పంపాడు, రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో "నంబరెంత నాన్నా" అని అడుగుతాడు. నంబరు రోజూ 93, 94. అయినా మాస్టారి కాళ్లు వాస్తున్నాయి, గుండె కుడివైపు భారం పడుతున్న గుర్తులు కనిపిస్తున్నాయి. నాకు పొంతన కుదరలేదు. ఒక ఆదివారం వాళ్లింటికే వెళ్లాను. మాస్టారి భార్య కాఫీ ఇస్తూ నెమ్మదిగా చెప్పింది, యంత్రం ఎనిమిదింటికి వేసి, కొడుకు ఫోను పెట్టేశాక ఆపేస్తారని. "ఎందుకు మాస్టారూ?" అంటే చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మాయ్, వీధిలోకి దాని మోత వినిపిస్తుంది. ఆక్సిజన్ పెట్టారంటే ఇక రోజులు లెక్కపెట్టుకుంటున్నారనుకుంటారు. 2021లో కోవిడప్పుడు చూశాంగా, ఆక్సిజన్ పెట్టించుకున్నవాళ్లు మా వీధిలో ముగ్గురు తిరిగి రాలేదు." ఇంకో మాట ఆయన అనలేదు, ఆమె అంది: కరెంటు బిల్లు. ఆ యంత్రం రోజుకి పదిహేను గంటలు తిరిగితే నెలకి నూటయాభై యూనిట్లదాకా కాలుతుంది, శ్లాబు మారుతుంది. కొడుకు యంత్రానికి డబ్బు పంపాడు. బిల్లు సంగతి వీళ్లు అతనికి చెప్పలేదు.

యంత్రాన్ని పెరటి గదిలోకి మార్పించి, పొడుగాటి గొట్టం వేయించాను. మోత తగ్గింది. రాత్రంతా నిద్రలో పది గంటలు, పేపరు చదివేటప్పుడు, మధ్యాహ్నం కునుకులో అయిదు గంటలు అని రోజుని పంచుకున్నాం. బిల్లు సంగతి ఆ రాత్రి తొమ్మిదింటికి కొడుక్కి నేనే చెప్పాను. అతను నంబరు అడగడం మానేసి, ఎన్ని గంటలు పెట్టుకున్నావని అడగడం మొదలుపెట్టాడు. రెండు నెలల్లో మాస్టారి కాళ్ల వాపు దిగింది.

క్షయ నయమయ్యాక మిగిలే ఊపిరితిత్తుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆరు నెలలు మందు మింగి, కళ్లెలో క్రిమి లేదని తేలాక కార్డు మీద నయమైందని రాస్తారు. క్రిమి పోయిన మాట నిజమే, కానీ అది తిన్నచోట మచ్చలు, గుంతలు, వదులైపోయిన గొట్టాలు మిగిలిపోతాయి. ఏడాదికో రెండేళ్లకో దగ్గు, ఆయాసం, ఒక్కోసారి కళ్లెలో రక్తం. ఎక్స్‌రేలో పాత మచ్చ చూసి మళ్లీ క్షయే అనుకుని, కళ్లె పరీక్ష చేయకుండానే మళ్లీ ఆరు నెలల కోర్సు మొదలుపెట్టించుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. కళ్లె పరీక్ష చేయాలి, స్పైరోమెట్రీ చేయాలి, కళ్లె బయటికి తెప్పించే పద్ధతులు నేర్పాలి. అది ఇంకో జబ్బు, దానికి ఇంకో వైద్యం. ఒకప్పుడు క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో నెలల తరబడి ఉంచేవారు. 1959లో మద్రాసు అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. ఇరుకింట్లో, అరకొర తిండితో ఉన్నా, మందు క్రమంగా మింగితే ఇంటి దగ్గర వైద్యం శానిటోరియానికి తీసిపోదని చూపించింది. ఆ అధ్యయనంలో మనుషులు ఇళ్లకి వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు. ఫలితం చెప్పేటప్పుడు ఆ లెక్కపెట్టిన చేతుల్ని మనం మరిచిపోతుంటాం.

ఇక రాతి క్రషర్లలో చేసేవాళ్లకి నేను ఇవ్వగలిగింది చాలా తక్కువ. సిలికా దుమ్ము ఊపిరితిత్తిని గట్టిపరిచాక దాన్ని మెత్తబరిచే మందు లేదు. "పని మానేయండి" అనడం వైద్యమే, కానీ ఆ మాట అనేటప్పుడు గొంతు పెగలదు. ముప్ఫై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు. పని మానేస్తే ఏం తింటారు? అతని యజమానితో మాట్లాడి, క్రషర్ దగ్గర నుంచి గేటు దగ్గర లారీలు లెక్కరాసే పనికి మార్పించాను. అక్కడా దుమ్ము ఉంది, తక్కువ. ఆ సంపాదనా తక్కువే. అది గెలుపని నేను అనుకోవడం లేదు.

ఆ పెద్దావిడ దగ్గరికి మళ్లీ వస్తాను. మందుతో పాటు ఆమెకి నడక రాశాను. ఆయాసం వస్తుందని కదలకుండా కూచుంటే కాళ్ల కండ కరిగిపోతుంది, కండ కరిగితే తక్కువ పనికే ఎక్కువ ఆయాసం. మా వరండాలో ముప్ఫై మీటర్ల గీత గీసి ఉంది, ఆరు నిమిషాల్లో ఎంత నడవగలరో కొలుస్తాం. ఊళ్లో మీటర్లు ఎవరికి తెలుసు? కరెంటు స్తంభాలు లెక్కపెట్టమన్నాను. మొదట రెండు స్తంభాలు. ఆయాసం వచ్చినప్పుడు పెదవులు సున్నాలా చుట్టి, వేడి పాలు చల్లార్చినట్టు నెమ్మదిగా ఊదమన్నాను. అలా ఊదితే గాలిగొట్టాలు ముడుచుకోకుండా లోపల చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది. ఆమె నవ్వింది. "మళ్లీ ఊదటమేనా డాక్టరమ్మా!" అంది. నాకు తెలిసి ఈ పద్ధతి ఆమె అంత చక్కగా పట్టుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

పోయిన మాఘంలో వాళ్ల ఊళ్లో క్యాంపుకి వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి వంటింట్లోంచి పెరట్లోకి, రేకుల కిందికి వచ్చింది, చుట్టూ తడికలు లేవు. నీళ్లు మాత్రమే దాని మీద కాగుతున్నాయి. కోడలు గ్యాస్ మీద పప్పు తిరగమోత పెడుతోంది. రామాలయం దాకా పదకొండు స్తంభాలు, మధ్యలో ఒకసారి ఆగి వెళ్లొస్తున్నానంది.

వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు. పాలవాడి లెక్క అనుకున్నాను. పాల లెక్క ఒక వైపు ఉంది. దాని పక్కన ఇంకో వరస, రోజుకి రెండేసి గీతలు. పంపు లెక్కట. అందులో మందు అయిపోయినా నొక్కితే గాలి వస్తూనే ఉంటుంది, లెక్క పెట్టుకోకపోతే ఖాళీది పీలుస్తారని మా సిస్టర్ చెప్పిన మాట ఆమె గోడకెక్కించింది. నేను వరసంతా చూసుకుంటూ వెళ్లాను. ఒకచోట రెండు రోజులు ఖాళీ.

"ఇక్కడ నాలుగు గీతలు లేవేమ్మా?"

"మా అన్న పోతే సత్తెనపల్లి పోయామమ్మా. ఆ కంగారులో పంపు గూట్లోనే మరిచిపోయా. ఆ రెండు రాత్రులూ కూచునే ఉన్నా."

సంచిలోంచి ఇంకో పంపు తీసి ఆమె చేతికిచ్చాను. కోడలు దాన్ని తీసుకుని, ఊరికి వెళ్లే చేతిసంచిలో పెట్టి, సంచిని మేకుకి తగిలించింది. నేను చీటీ మీద రాశాను: పంపులు రెండు. ఇంటికొకటి, ప్రయాణానికొకటి.